పురుగు కనిపెట్టిన తేడా

నాగజెముడు అంటే మనకి ఒకటే నాగజెముడు. పడగల్లాంటి మట్టలూ, ఒళ్ళంతా ముళ్ళూ, పసుపుపచ్చని పువ్వూ, తింటే నోరు ఎర్రబడే పండూ! పేరుకి మన జెముళ్ళ వరసే గాని, గిల్లితే పాలు కారే వాటికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది అమెరికా ఖండాల నుంచి ఓడెక్కి వచ్చింది. అదీ ఒకటిగా కాదు, అక్కచెల్లెళ్ళలా రెండు.

ఒకటి బ్రెజిల్ వైపుది, ఒపన్షియా మోనకాంథా. అంటే ఒంటిముల్లుది. పల్చటి మట్టలతో చెట్టులా పైకి ఎదుగుతుంది. ముళ్ళు చోటుకి ఒకటో రెండో. రెండోది కరీబియన్ తీరాల ఒపన్షియా డిల్లెనై. మట్టలు మందం, నీలి ఛాయ, చోటుకి నాలుగైదు పచ్చటి ముళ్ళు; పొదలా పరుచుకుంటుంది. మన వైపు ఎక్కువగా కనిపించేది ఇదే.

ఈ తేడా తేల్చింది ఒక పురుగంటే నాకు భలే ముచ్చటేస్తుంది. ఆ రోజుల్లో ఖరీదైన బట్టలకి ఎర్రరంగు కొచినీల్ పురుగు నుంచే వచ్చేది. (ఈనాటికీ కొన్ని లిప్‌స్టిక్కుల్లో ఆ ఎరుపే సుమండీ!) జెముడు మీద బతికే ఆ పురుగు మెక్సికోని ఏలే స్పెయిన్ వాళ్ళ గుప్పిట్లో ఉండేది. ఈస్టిండియా కంపెనీకి కన్నుకుట్టింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మద్రాసులో కంపెనీ డాక్టరు జేమ్స్ ఆండర్సన్ పురుగు రాకముందే దానికోసం జెముడుతోట వేశాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగుని కలకత్తా చేర్చాడు. తీరా చూస్తే అది అసలుది కాదు, దాని దాయాది! రంగు నాసిరకం.

రంగు మాట ఎలా ఉన్నా, ఉత్తరాదిలో ఒంటిముల్లు జెముడుని మాత్రం ఆ పురుగు ఊడ్చిపెట్టింది. అది చూసి 1836-38లో దాన్ని దక్షిణాదికీ తెచ్చి వదిలారు. కలుపు మీదకి పురుగుని కావాలని ఉసిగొల్పడం ప్రపంచంలో అదే మొదలంటారు. ఇక్కడా ఒంటిముల్లుది పోయింది. రెండో జెముడుని మాత్రం అది ముట్టుకోలేదు!

ఇక రెండోదానికి అడ్డెవరు? నరికితే తెగిన ప్రతి ముక్కా వేరు పట్టి, చేలనీ బీళ్ళనీ మింగింది. చివరికి 1926లో సింహళం నుంచి ఇంకో రకం కొచినీల్ పురుగుని తెచ్చి వదిలితే, అయిదారేళ్ళలో సుమారు 40,000 హెక్టార్లు, అంటే లక్ష ఎకరాల దాకా, జెముడు పీడ వదిలింది. ఈ రెండు పురుగుల మధ్య దాదాపు 90 ఏళ్ళు ముళ్ళతో వేగినవి రైతుకుటుంబాలే.

రెంటికీ ఒకే పేరు పెట్టుకుని మనకి గడిచిపోతుంది. వాటిని తిని బతకాల్సిన పురుగుకి ఎలా గడుస్తుంది చెప్పండి?