డైలాగ్ బాక్సు

కంప్యూటరు తెరపై జరుగుచున్న కార్యము నడుమ వాడుకరిని ఒక ప్రశ్న అడుగుటకో, వివరము కోరుటకో, రానున్న నష్టమును హెచ్చరించుటకో ఆవిర్భవించు చిన్న గవాక్షమునకు డైలాగ్ బాక్సు అని పేరు. సంభాషణ పేటిక యనియు అనవచ్చును. మెనూలో ఒక పదము చివర మూడు చుక్కలున్నచో, దానిని నొక్కినంతనే పని జరుగదనియు, ముందుగా ఇట్టి పేటిక తెరచుకొని మరికొన్ని వివరములు కోరుననియు గ్రహింపవలెను.

సమాధానము లభించువరకు ఆ ప్రోగ్రాములోని తక్కిన పనిని స్తంభింపజేయునది మోడల్ డైలాగు. పత్రము ప్రక్కన నిలిచి, వ్రాతపనిని యథేచ్ఛగా సాగనిచ్చునది మోడ్‌లెస్ డైలాగు. పదములను వెదకు పేటిక తరచుగా ఈ రెండవ తెగకు చెందును.

అయితే ఇట్టి పేటికలను రూపొందించు విద్యలోని సూక్ష్మమంతయు బొత్తాముల పేర్లలోనే ఉన్నది. 1983లో వెలువడిన ఆపిల్ లీసా యంత్రమును రూపొందించుచున్న దినములలో, అంగీకారసూచకముగా ‘డూ ఇట్’ (Do It) అని వ్రాసియుంచగా, పరీక్షార్థము కూర్చుండిన వ్యక్తి రెండు పదముల నడిమి ఎడమును గమనింపక, మూఢుడను అర్థముగల ‘డోల్ట్’ (Dolt) అని చదివి, యంత్రము తన్ను నిందించుచున్నదని నొచ్చుకొనెను; అంతట నిర్మాతలు ఆ మాటను తొలగించి ‘ఓకే’ అని మార్చిరి. మాకింటోషున ఓకే కుడికొసను నిలువగా, విండోసున అది రద్దుబొత్తామునకు ఎడమను నిలుచును. రెండింటను ఎస్కేప్ మీట రద్దునే సూచించును.

‘అవును’, ‘కాదు’ అను పొడిమాటలకంటె ‘భద్రపరచు’, ‘తొలగించు’ అను క్రియాపదములే బొత్తాములకు తగినవి. అడుగడుగునను అడ్డుపడు పేటికను జనులు చదువకయే నొక్కివేయుదురు గనుక, మరలింపదగిన పనికి అనుమతి కోరుటకంటె, చేసినదానిని రద్దుపరచు ‘అన్‌డూ’ సౌకర్యమును కల్పించుటయే మేలు.