స్త్రీలు – మోటారు సైకిలు

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా లాల్ బహదూర్ నగర్ కూడలికి సాగు రాజమార్గము విజయవాడకు పోవు బాట. కూడలి వద్ద మరియొక దారి నాగార్జునసాగరము వైపునకు చీలును. వసతి గృహములకును, పోటీ పరీక్షల శిక్షణాలయములకును పేరువడిన యీ ప్రాంతమున ఉదయము పూట నిలిచి చూచినచో, స్కూటరు నడుపుకొని పోవు విద్యార్థినులు, ఉద్యోగినులు ఎందరో కానవత్తురు. నేడు మనకిది వింత కాదు. అయినను దీని వెనుక నొక చరిత్ర గలదు.

మోటారు సైకిలు పుట్టిన తొలినాళ్ళనుండియు స్త్రీలు దానిని నడుపుచునే యున్నారు. 1916లో అగస్టా, ఆడిలైన్ వాన్ బ్యూరెన్ అను అక్కచెల్లెండ్రు అమెరికాను తూర్పు తీరమునుండి పడమటి తీరము వరకు దాటిరి. సైన్యమున వార్తాహరులుగా స్త్రీలును పనికివత్తురని చూపుట వారి యుద్దేశము. ప్రయాణము సఫలమైనను సైన్యము వారిని చేర్చుకొనలేదు. 1934లో థెరిసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరాన్ లండను విడిచి, సహారా యెడారిని దాటి, మరుసటి యేట కేప్‌టౌన్ చేరిరి. 1940లో అమెరికాలో ‘మోటార్ మెయిడ్స్’ అను స్త్రీల సంఘము వెలసినది.

మన దేశమున కథ వేరు. చీర కట్టుకొని కిక్కు కొట్టి, గేర్లు మార్చుచు బండి నడుపుట సుకరము కాదు. స్త్రీకి దక్కినది వెనుక సీటు. అదియు ఒక ప్రక్కకు ఒదిగి కూర్చుండుట. 1984లో కైనెటిక్ హోండా వచ్చినది. గేర్లు లేవు, మీట నొక్కినంతనే కదలును. పిదప స్కూటీ, యాక్టివా వంటివి యింటింటికి చేరినవి. స్కూటరు వీధికెక్కినది గాని, మోటారు సైకిలు మాత్రము చిరకాలము మగవారి సొత్తుగనే నిలిచినది.

ఈ హద్దును చెరపుటకే స్త్రీల సంఘములు పుట్టినవి. 2011లో ‘బైకర్నీ’ సంఘ మేర్పడినది. హైదరాబాదునను దానికి సభ్యులు కలిగిరి. 2018లో జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, ఏ.ఎస్.డి. శాంతి అను నలుగురు మన నగరమునుండి బయలుదేరి, మయన్మారు, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాములను చుట్టి, సుమారు 17,000 కిలోమీటర్లు ప్రయాణించిరి. అనంతరము జై భారతి ‘మోవో’ సంస్థను నెలకొల్పి, స్త్రీలకు వాహనములు నడుపుట నేర్పించు కార్యమునకు పూనుకొనిరి. విహారముగా తోచిన సాహసము ఈ విధముగా జీవనోపాధికి దారి చూపినది.

ఆడువారికి వేరు సంఘ మెందుకని కొంద రడుగుదురు. నేర్చుకొను వేళ బండి ఆగిపోయినను నవ్వువారు లేని చోటు కావలెను. బారుగా సాగునపుడు వెనుకబడిన వారికై నిలుచు తోడు కావలెను. గొలుసు బిగించుట, చక్రమున గాలి చూచుకొనుట చెప్పువారు కావలెను.

2019 నవంబరులో శంషాబాదు పరిసరమున స్కూటరుపై వెళ్ళిన యొక యువతి హత్యకు గురియైనపుడు నగరమంతయు తల్లడిల్లినది. పొద్దుగూకిన పిమ్మట ఆడపిల్ల గడప దాటరాదన్న మాట మరల వినబడినది. మేమా మాట నంగీకరింపము. దారి భద్రముగా లేనిచో సరిదిద్దవలసినది దారిని గాని, నడచువారిని కాదు. లాల్ బహదూర్ నగర్ కూడలిలో రాత్రి కూడ నలుగురాడువారు నిర్భయముగా బండ్లు నడుపుకొని పోగలిగిన నాడు, ఐదవయామెకు ధైర్యము చెప్పవలసిన పని యుండదు.