ఎవరికి లోబడాలి?

మా పల్లెలో ‘లోబడి ఉండు’ అనే మాట రెండు చోట్ల వినపడేది. ఊళ్లో కామందు నోట, ఆదివారం చర్చిలో అయ్యగారి నోట. చిన్నప్పుడు రెండూ ఒకటే అనుకున్నాను. కావని ముందు చెప్పింది మా నాయనమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. చరిత్ర పుస్తకాలు చదివాక ఆమె చెప్పిందే నిజమని తేలింది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాత తాత కాలంలోనే క్రీస్తును నమ్ముకున్నాం. ‘కరువులో గంజి కోసం కలిశారు’ అని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ అంటారు. చదువుకున్నవాళ్లు కూడా అంటారు. అసలు జరిగిందేమిటో చూద్దాం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. అయితే మాదిగల్లోకి ఈ మాటను మోసుకెళ్లింది దొర ఒక్కడే కాదు. తాళ్ళకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య అంతకుముందే యోగమార్గంలో దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు. క్రీస్తు సంగతి తెలిశాక తనవాళ్ల పల్లెలన్నీ కాలినడకన తిరిగి చెప్పాడు. ఒంగోల్లో పై కులాలవాళ్లు కొందరు క్లౌ దొర దగ్గరకొచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని తెగేసి చెప్పారు. దొర మాదిగల వైపే నిలబడ్డాడు. పై కులాలవాళ్లు వెళ్లిపోయారు.

1876-78 కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. పని అయిపోయి, ఇక పంచడానికి ఏమీ లేనప్పుడు జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి వాళ్లకు బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరికి చోటిచ్చారు. గంజి కోసమే అయితే గంజి పోసినప్పుడే మునిగేవాళ్లం కదా!

కొత్తగా నమ్మినవాళ్లకు పెట్టిన కట్టుబాట్లు చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి భక్తి నియమాలే. కానీ మాదిగోడు ఆదివారం పనికి రానంటే కామందు అరక ఆగుతుంది. విగ్రహానికి మొక్కనివాడు జాతరలో డప్పు కొట్టడు. అంటే వెట్టి మీద దెబ్బ. అందుకే ఊళ్లు ఊరుకోలేదు. బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు మానిపించారు, కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. దేవుడికి లోబడటమంటే ఆ రోజుల్లో ఊరికి ఎదురు తిరగడమే.

మా తాత పాలేరు. ఒక వానకారు ఆదివారం కామందు అరక కట్టమన్నాడు. ‘గొడ్లకు మేతేస్తానయ్యా, నీళ్లు పెడతాను, అరక మాత్రం కట్టను’ అన్నాడంట. చావిట్లో గుంజకు కట్టేసి కొట్టారు. ‘ఆ పూట చర్చికి చినిగిన చొక్కాతోటే పోయాడురా’ అని నాయనమ్మ చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె ఏడవడం నేనెప్పుడూ చూళ్లేదు.

ఆ సంఘమే తరవాత తరవాత మెత్తబడిపోయింది. 1985 జులై 17న కారంచేడులో మావాళ్లను వెంటాడి నరికారు. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్లు చీరాల చేరారు. ఆ ఆదివారం మా అయ్యగారు అధికారులకు లోబడమని పౌలు రాసిన భాగం తీసి, పగ దేవుడికి వదిలిపెట్టి ఇళ్లల్లో ఉండమని బోధించాడు. కుర్రోళ్లం చీరాల పోవడానికి సిద్ధమై ఉన్నాం. నాయనమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచింది. ‘అయ్యగారూ, మనుషులకంటే దేవుడికే లోబడాలని పేతురు చెప్పలా? ఆ పేజీ మీ పుస్తకంలో చినిగిపోయిందా?’ అనింది. సంఘం అంతా నిశ్శబ్దం. ఆ మధ్యాహ్నం మేం బయల్దేరాం. నా చేతిలో ఆమె పెట్టిన పది రూపాయలున్నాయి.

ఇంత చెప్పినవాణ్ణి నా సంగతీ చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని బయటే ఉంచారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. మతం మారితే కులం పోయిందన్నమాట! కారంచేడులో గొడ్డళ్లు పట్టుకున్నవాళ్లు ఎవర్నీ బాప్తిస్మం అయిందా అని అడగలేదు. ఆ పేరా తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా చెప్పింది.

నాకు సర్టిఫికెట్ కావాల్సినప్పుడు కాగితంలో ‘హిందూ-మాదిగ’ అని రాయించి మా నాయన సంతకం పెట్టాడు. ఆ సర్టిఫికెట్ మీదే నాకు హాస్టలు సీటు, తరవాత ఉద్యోగం వచ్చాయి. సంతకం పెట్టిన దగ్గర్నుంచి ఏడాది పాటు మా నాయన ప్రభు భోజనం తీసుకోలేదు. రొట్టె, ద్రాక్షరసం పళ్లెం వరసలో వస్తే తల దించుకుని పక్కవాడికి అందించేవాడు. అబద్ధ సాక్ష్యం చెప్పానని ఆయన బాధ. చివరికి నాయనమ్మే అనింది, ‘నిజం చెప్పినోడికి కూడు లేకుండా చేసినోడిది రా పాపం. నీది కాదు. పో, తిను’ అని. ఆయన తిన్నాడు. బాధ మాత్రం పోలేదని నాకు తెలుసు.

విద్యార్థి మిత్రులు కొందరు అడుగుతుంటారు, మతాన్ని వదిలేస్తే పోలా అని. ఇంకొందరు, సర్టిఫికెట్ వదిలేస్తే పోలా అంటారు. మా తాత ఒంటి మీద దెబ్బలు ఆ మతం వల్ల వచ్చినవి. మా పిల్లల చదువు ఆ కాగితం వల్ల వచ్చింది. రెండింట్లో ఒకటి వదులుకోమని మమ్మల్ని అడిగే హక్కు ఎవరిచ్చారు? వదులుకోవాల్సింది ఆ మూడో పేరా.

మొన్న మా అమ్మాయి కాలేజీ ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. పేరు, ఊరు, కులం తనే నింపింది. మతం దగ్గర ఖాళీ వదిలి, ‘ఏం రాయమంటావు నాన్నా?’ అని అడిగింది. కలం తీసుకున్నాను. మా నాయన పళ్లెం పక్కవాడికి అందించడం గుర్తొచ్చింది. ఫారం ఇంకా బల్ల మీదే ఉంది.