గోలా-గల్తా రందా నుంచి కటర్‌హెడ్ దాకా: ఒక ఔజార్ తారీఖ్

దర్వాజా చౌకట్ అంచున వంపు తిరిగే గీత, ఫోటో ఫ్రేము చుట్టూ మెట్లు మెట్లుగా దిగే బీడింగ్, గోడకూ ఛత్‌కూ మధ్య పరిచిన నక్షీ పట్టీ. వీటన్నింటినీ కలిపి మోల్డింగ్ అంటున్నాం. కొత్తగా లకడీ కార్ఖానా పెట్టాలనుకునే మన నౌజవాన్లు నన్ను అడిగే మొదటి సవాల్ ఒకటే: "భాయ్, ఏ మెషిన్ కొనమంటారు?" నా జవాబూ ఒకటే: ముందు కటర్‌హెడ్ సంగతి తేల్చుకోండి, మెషిన్ మాట తర్వాత. ఇది నా ఒక్కడి రాయ్ కాదు. రెండు వందల ఏళ్ల తారీఖ్ చెప్పే మాట.

కటర్‌హెడ్ అంటే గిరగిరా తిరిగే ఇరుసుకు తొడిగే ఉక్కు దిమ్మె. కత్తులు దానికే బిగిస్తారు. మెషిన్ చెక్కను ముందుకు తోస్తుంది, ఇరుసును తిప్పుతుంది, అంతే. కోసేది కత్తి, ఆ కత్తిని పట్టుకునేది హెడ్.

మెషిన్లు రాక ముందు ఈ హునర్ అంతా రందాదే. మన ఉస్తాద్‌లు గోలా, గల్తా అనే జోడీ రందాలు వాడేవారు. ఒకటి ఉబ్బును తీస్తుంది, ఇంకొకటి లోతును తీస్తుంది. ఇంగ్లండ్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడ పూర్తి సెట్ అంటే 18 జోడీలు, అంటే 36 రందాలు. అందులో సగం, 9 జోడీలు ఉన్నా నడిచిపోయేది. ఛత్ కింద వేసే వెడల్పాటి మోల్డింగ్‌కు ఒక్క మనిషి బలం చాలేది కాదు. ఉస్తాద్ వెనక నుంచి రందాను తోస్తుంటే, షాగిర్ద్ ముందు నుంచి తాడు కట్టి లాగేవాడు. అంత మెహనత్ పడితే వచ్చేది కొన్ని అడుగుల పట్టీ. అందుకే ఆ జమానాలో మంచి మోల్డింగ్ అమీర్ల ఇళ్లకే దక్కేది.

ఈ మెహనత్‌ను యంత్రానికి అప్పగించాలన్న ఖయాల్‌ను కాగితం మీద పూర్తిగా పెట్టినవాడు సామ్యూల్ బెంథమ్. ఫిలాసఫర్ జెరమీ బెంథమ్‌కు తమ్ముడు. రష్యాలో నౌకరీ చేసి ఇంగ్లండ్‌కు తిరిగి వచ్చాడు. అన్నగారు కొత్త తరహా జైలు ఒకటి కట్టాలనుకుంటున్నారు. అందులో హునర్ తెలియని ఖైదీలతో పని చేయించాలంటే, హునర్ మెషిన్‌లోనే ఉండాలి. సామ్యూల్ 1791లో ఒక పేటెంట్, 1793లో మరొకటి తీసుకున్నాడు. తిరిగే కత్తులతో చెక్కను ఒకేసారి పలు వైపుల నుంచి సాపు చేయడం, మోల్డింగ్ తీయడం 1793 పేటెంట్‌లోనే ఉన్నాయి. ఈనాటి నాలుగు వైపుల మోల్డర్‌కు బునియాద్ అక్కడే పడింది. ఆ జైలు మాత్రం కట్టనేలేదు.

ఇక్కడి నుంచి ఖిస్సా అమెరికాకు వెళ్తుంది. న్యూయార్క్ రాష్ట్రం పొకీప్సీకి చెందిన విలియం వుడ్‌వర్త్ 1828లో తిరిగే కత్తుల ప్లేనింగ్ మెషిన్‌కు పేటెంట్ పొందాడు. 14 ఏళ్లకు ముగియాల్సిన ఆ హక్కును రెండుసార్లు పొడిగించి 1856 దాకా లాగారు. అప్పటివరకు ఆ మెషిన్ నడపాలంటే హక్కుదారులకు ఫీజు కట్టాల్సిందే. మిల్లుల వాళ్లు అదాలత్‌లకు ఎక్కారు, ఝగడా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. గడువు తీరాక దారి తెరుచుకుంది. సిన్సినాటిలోని జె.ఎ. ఫే వంటి కంపెనీలు మోల్డింగ్ మెషిన్లు తయారుచేసి అమ్మాయి. మోల్డింగ్ గజాల లెక్కన చవగ్గా దొరికి మామూలు ఇళ్లకూ చేరింది.

కానీ ఈ బర్కత్‌కు ఒక కీమత్ ఉంది. దాన్ని చెల్లించినవి మజ్దూర్ల వేళ్లు.

ఆనాటి హెడ్ చతురస్రాకారం. నాలుగు పలకలున్న ఉక్కు దిమ్మె, పలకల్లో గాడులు, గాడుల్లో బోల్టులు, బోల్టులతో బిగించిన కత్తులు. ఏ నమూనా కత్తినైనా దానికి బిగించొచ్చు, అది దాని గుణం. దాని ఐబ్ కూడా ఆ ఆకారమే. మూలలు బయటికి పొడుచుకు వస్తాయి, పలకల దగ్గర ఖాళీ మిగులుతుంది. చేత్తో చెక్క తోసే మెషిన్‌లో చెయ్యి జారితే ఆ ఖాళీలోకి లోతుగా దిగబడుతుంది. బోల్టు వదులైతే కత్తి గోలీలా ఎగిరిపోతుంది. వేళ్లు పోయిన ఉస్తాద్‌ల చేతులను నేనూ చూశాను. సలాం కోసం చెయ్యి చాపినప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇలాజ్ గుండ్రటి హెడ్ రూపంలో వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో ఇది వాడుకలోకి వచ్చింది. సిలిండర్ ఆ ఖాళీని నింపేస్తుంది. కత్తి అంచు మాత్రం కొద్దిగా బయటికి కనిపిస్తుంది. చెయ్యి జారినా చర్మం చీరుతుందేమో గానీ, వేలు మొత్తం పోయే ఖతరా బాగా తగ్గింది. బ్రిటన్‌లో 1922 నాటి వుడ్‌వర్కింగ్ మెషినరీ నియమాలు, చేత్తో తోసే ప్లేనింగ్ మెషిన్‌కు ఇలాంటి గుండ్రటి దిమ్మె ఉండాల్సిందేనని కానూన్ చేశాయి. మెషిన్ మారలేదు, హెడ్ ఆకారం మారింది. అంతే తేడా.

తర్వాతి మార్పులు కూడా హెడ్ దగ్గరే జరిగాయి. కత్తి వీపున సన్నని పళ్లు కోసి, హెడ్ గాడిలోనూ అవే పళ్లు కోశారు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటే కత్తి బయటికి జారదు. ఇక ఉక్కు సంగతి. 1900 ప్రాంతంలో టేలర్, వైట్ అనే ఇద్దరు అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్‌లో హైస్పీడ్ స్టీల్ తయారుచేశారు. 1926లో జర్మనీలోని క్రుప్ కంపెనీ విడియా పేరుతో కార్బైడ్ తెచ్చింది. వజ్రం లాంటిది అని ఆ పేరుకు అర్థం.

ఇప్పుడు హిసాబ్ చూద్దాం. హెడ్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోంది, చెక్క నిమిషానికి 12 మీటర్లు కదులుతోంది అనుకోండి. ఒక్క కత్తి గీత పడేది ప్రతి 2 మిల్లీమీటర్లకు. హెడ్‌లో నాలుగు కత్తులుంటే అర మిల్లీమీటరుకు ఒక గీత పడాలి కదా? పడదు. ఒక కత్తి మిగతా వాటికన్నా వెంట్రుకవాసి ముందుకున్నా, చివరి గీత దానిదే. నాలుగింటికీ సమానంగా పని చెప్పాలంటే, తిరుగుతున్న కత్తుల అంచులను రాయితో తాకించి ఒకే వలయంలోకి తేవాలి. దీన్ని జాయింటింగ్ అంటారు. ఆ ఏర్పాటు లేని మెషిన్‌కు నాలుగు కత్తుల హెడ్ కొనడం నునుపు కోసమైతే ఫుజూల్ ఖర్చు.

కాబట్టి ఎంపిక ఇలా సాగాలి. నమూనాలు తరచూ మారుతూ, ఒక్కో నమూనాకు కొద్ది అడుగులే కావాలంటే, స్పిండిల్ మోల్డరూ దానికో పవర్ ఫీడరూ చాలు. ఒకే నమూనా వేల అడుగులు తీయాలంటేనే నాలుగు వైపుల మెషిన్. టేకులో సిలికా ఉంటుంది, అది కత్తిని త్వరగా మొద్దు చేస్తుంది. ఎండీఎఫ్‌లోని జిగురూ అంతే. ఈ రెండింటికీ కార్బైడ్ మేలు. దాన్ని సాన పట్టడానికి వజ్రపు చక్రం కావాలని ముందే ఖర్చులో వేసుకోండి. మెత్తటి చెక్కకు, నమూనా తరచూ మారే పనికి హైస్పీడ్ స్టీల్ చాలు. కత్తి వాలు మెత్తటి చెక్కకు 20 డిగ్రీలైతే గట్టి చెక్కకు 12 దగ్గర ఉంచండి. ఎదురెదురు కత్తులు ఒకే బరువుండాలి.

హెడ్ మీద చెక్కిన అత్యధిక వేగాన్ని ఎప్పుడూ దాటకండి. యూరప్ ప్రమాణం ఉన్న హెడ్ మీద ఎం.ఎ.ఎన్. అనే అక్షరాలుంటే అది చేత్తో తోయడానికి కూడా పనికొస్తుంది. ఎం.ఇ.సి. అని ఉంటే మెషిన్ తోయాల్సిందే. మొదటి రకంలో కత్తి ఒక్కసారికి 1.1 మిల్లీమీటరు మించి కొరకకుండా ఆపు ఉంటుంది. పాత బజారులో సగం ధరకు దొరికే హెడ్‌కు ఈ నిషానీలు లేకపోతే ఆ సగం ధర కూడా మహెంగా సౌదానే.

మెషిన్ పాతదైనా నడుస్తుంది, బేరింగులు మార్చుకోవచ్చు. హెడ్ దగ్గర మాత్రం కంజూసీ వద్దు. మీ దగ్గర పనికి చేరిన కుర్రాడి పది వేళ్లు వాళ్ల అమ్మ మీకు అప్పగించిన అమానత్. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఆ పదీ వెంట తీసుకుని వెళ్లాలి.