ఎక్స్‌రేకు అందని గుజ్జు

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందమ్మా." యాభై దాటిన ఆడవాళ్ళున్న ఏ ఇంట్లోనైనా ఈ మాట వినపడుతుంది. మా కొత్తగూడలో సాయంత్రం పూట బెంచీ మీద చేరే పెద్దవాళ్ళ కబుర్లలో సగం మోకాళ్ళ గురించే.

మా అత్తమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూస్తే తొడ ఎముక, దాని కింద కాలి ఎముక కనపడ్డాయి. మధ్యలో ఉత్త సందు. గుజ్జు బాగున్నవాళ్ళ ఫిల్ములోనూ అక్కడ సందే ఉంటుంది, ఎందుకంటే ఎక్స్‌రేకు గుజ్జు కనపడదు. సందు ఎంత సన్నబడిందో చూసి డాక్టర్లు అరుగుదలను అంచనా వేస్తారు. అది తెలిసేసరికి పోవాల్సింది చాలావరకు పోయి ఉంటుంది. ఈలోగా "ఎక్స్‌రే బాగానే ఉందిగా, ఇంకేం నొప్పి?" అని ఇంట్లోవాళ్ళే అనేస్తారు. నాకు ఒళ్ళు మండేది ఆ మాటకే.

ఈ లోటు మొదటి రోజుల నుంచీ ఉన్నదే. 1895 డిసెంబరులో రాంట్‌జెన్ తన భార్య అన్నా బెర్తా చేతిని ఎక్స్‌రే తీశాడు. ఎముకలు, వేలి ఉంగరం పడ్డాయి. వేళ్ళ కణుపుల దగ్గరి గుజ్జు పడలేదు.

పదేళ్ళకు, 1905లో, వెర్న్‌డోర్ఫ్, రాబిన్సన్ అనే ఇద్దరు మోకాలి కీలులోకి ఆక్సిజన్ ఎక్కించి ఎక్స్‌రే తీశారు. గుజ్జు దానంతటది కనపడకపోతే చుట్టూ ఏదైనా నింపి దాని అంచు పట్టుకుందామని! తర్వాత అయోడిన్ కలిసిన మందులు వచ్చాయి. మనం వంటలో వేసే ఉప్పులో ఉంటుందే, ఆ అయోడినే. దాని అణువు బరువైనది, ఎక్స్‌రే కిరణాలను బాగా ఆపుతుంది, అందుకే ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కాన్ మొదలుపెట్టాక, పొరలు పొరలుగా తీసిన బొమ్మల్ని కలిపి కీలును అన్నివైపుల నుంచీ చూడడం కుదిరింది. పేస్‌మేకర్ లాంటివి ఉండి ఎమ్మారై కుదరనివాళ్ళకు ఇప్పటికీ కీలులో అయోడిన్ మందు ఎక్కించి సీటీ తీస్తారు.

కానీ అంచు తెలిస్తే లోపలి బాగోగులు తెలిసినట్టు కాదు కదా. గుజ్జులో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిని పట్టి ఉంచేవి ఋణావేశం ఉన్న చక్కెర గొలుసులు. జబ్బు మొదలైతే ముందు తగ్గేవి అవే, మందం తగ్గడం తర్వాతి మాట. 2006లో అట్లాంటాలోని జార్జియా టెక్‌లో పామర్, గుల్డ్‌బర్గ్, లెవెన్‌స్టన్ బృందం దీన్నే వాడుకుంది. వాళ్ళు తీసుకున్న హెక్సాబ్రిక్స్ అనే అయోడిన్ మందుదీ ఋణావేశమే. అయస్కాంతాల్లో ఒకే ధ్రువాలు నెట్టుకున్నట్టు, మంచి గుజ్జు దాన్ని నెట్టేస్తుంది. పాడైన చోట మందు ఎక్కువ ఇంకుతుంది. 2009లో బోస్టన్‌లో జోషి, స్నైడర్, గ్రిన్‌స్టాఫ్ బృందం ధనావేశం ఉన్న మందుతో తిరగేసి చేసింది. ఇప్పుడు మంచి గుజ్జే మందును లాక్కుంటుంది, తక్కువ మందుతోనే బాగా కనపడుతుంది. నాకు ఈ రెండోదే నచ్చింది.

చిక్కల్లా ఓపికతోనే. ఆవకాయ ముక్కకు ఉప్పు పట్టినట్టు, గుజ్జులోకి మందు దిగడానికి గంటలు పడుతుంది. కీలులోకి సూది గుచ్చాలి, అయోడిన్ పడనివాళ్ళూ ఉంటారు. అందుకే ధనావేశపు మందులు ఇంకా ప్రయోగశాలలు దాటి మన స్కానింగ్ సెంటర్లకు రాలేదు. మామూలు అయోడిన్ కాంట్రాస్టు మందుల సంగతి వేరు. వాటికి కావలసిన ముడి రసాయనాలు తయారుచేసేవాళ్ళలో మా పక్కనే గచ్చిబౌలిలో ఆఫీసున్న దివీస్ కూడా ఒకటి.