చత్వారం: నలభై దాటాక దగ్గరి చూపు ఎందుకు మసకబారుతుంది? పల్లెల్లో కళ్లద్దాలు ఎందుకు అందట్లేదు?

సూదిలో దారం ఎక్కట్లేదు. బియ్యంలో రాళ్లు కనిపించట్లేదు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చదవాలంటే చెయ్యి బారుగా చాపాల్సి వస్తోంది. వయసు నలభై దాటిందా? అయితే ఇది చాలామటుకు చత్వారమే. రోగం కాదు, జుట్టు నెరిసినట్టే ఇదీ వస్తుంది.

కంటిలోని సహజ లెన్స్ చిన్న వయసులో మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బి ఫోకస్ చేస్తుంది. వయసుతో పాటు అది గట్టిపడి, ఆకారం మార్చుకోలేకపోతుంది. దూరపు చూపు బాగానే ఉంటుంది కాబట్టి 'నా కళ్లకేమైంది?' అనుకుంటారు చాలామంది. 60 దాటేదాకా ఇది పెరుగుతూనే ఉంటుంది. క్యారెట్లు తిన్నా వెనక్కి పోదు. వాట్సాప్ చిట్కాలు పక్కన పెట్టేయండి. తేలికైన, చవకైన దారి ప్లస్ పవర్ కళ్లద్దాలే.

ఆ చవకైన వస్తువే అందనివాళ్లు ప్రపంచంలో 82 కోట్లకు పైనే ఉన్నారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా.

దీన్ని చదువుకున్నవాళ్ల సమస్యగా చూడటమే అసలు పొరపాటు. అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన 751 మంది కార్మికులపై ఒక అధ్యయనం జరిగింది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. అద్దాలు పెట్టుకున్నవాళ్లు, లేనివాళ్లతో పోలిస్తే 21.7 శాతం ఎక్కువ పని చేయగలిగారు. బంగ్లాదేశ్ పల్లెల్లో జరిగిన మరో అధ్యయనంలో అద్దాలు తీసుకున్నవాళ్ల ఆదాయం 8 నెలల్లో 33 శాతం పెరిగింది. మన దగ్గర నిజామాబాద్ బీడీ కార్మికులైనా, పోచంపల్లి, మంగళగిరి నేతన్నలైనా చేసిన పనిని బట్టే కూలి. చూపు తగ్గితే కూలీ తగ్గినట్టే. ఇక పురుగుమందు డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలు చదవలేక మోతాదు తప్పితే? అది ఇంకా ప్రమాదం.

మరి ఎందుకు కొనుక్కోరు? అద్దాల ధర కంటే టౌనుకు వెళ్లే బస్సు ఖర్చు, పోయే ఒకరోజు కూలే ఎక్కువ. పైగా 'అద్దాలు పెట్టుకుంటే ముసలిదాన్ని అంటారు' అనే మాట ఆడవాళ్లను ఆపేస్తోంది.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. రెండో విడత 2023 జనవరిలో ఖమ్మం నుంచి. ఊళ్లోనే పరీక్ష చేసి, రీడింగ్ గ్లాసులు అక్కడికక్కడే ఇచ్చారు. ఏపీలో 2019 అక్టోబర్‌లో వైఎస్సార్ కంటి వెలుగు ప్రారంభమైంది. మంచి పనే. కానీ చత్వారం ఏటా పెరిగేది, అద్దాలు విరిగేవి. క్యాంపు వెళ్లిపోయాక ఊళ్లో ఎవరిని అడగాలి? ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టి, స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి నడిపిస్తోంది. ఏడాది పొడవునా తెరిచి ఉండే ఇలాంటివే ఎక్కువ కావాలి.

సంతలో రెడీమేడ్ అద్దాలు కొనొచ్చా? రెండు కళ్లకూ ఒకే పవర్ ఉండి, దూరపు చూపు బాగుంటే దగ్గరి పనికి సరిపోతాయి. చూపు ఉన్నట్టుండి తగ్గినా, కన్ను నొప్పి పెట్టినా, షుగర్ ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. గ్లకోమా లాంటివి ఉన్నాయేమో అద్దాల కొట్టులో తెలియదు. అన్నట్టు, అద్దాలను పొడిగా చీర కొంగుతో రుద్దకండి, గీతలు పడతాయి. నీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో తుడవండి.