తోటకు నీళ్లెక్కడివి?

పెనుకొండకూ హిందూపురానికీ నడుమనున్న మా సోమందేపల్లి వారికి నగరమంటే బెంగుళూరే. రాజధాని పేరు మా పెద్దల కాలం నుండి మదరాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి అంటూ మారుతూ వచ్చింది. జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. మారనిది ఒక్కటే. వైద్యానికైనా, చదువుకైనా, కొలువుకైనా మావాళ్లు ఎక్కేది దక్షిణానికి పోయే బస్సు. వంద కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరం. కొడికొండ దగ్గర రాష్ట్రం మారుతుంది గానీ బాగేపల్లి దాటినా చెవికి తెలుగే వినిపిస్తుంది.

ఇటీవల ఒక శని ఆదివారాలు ఆ నగరంలోని వెస్ట్ ఎండ్ హోటలులో గడిపే అవకాశం కలిగింది. రేస్ కోర్సుకు ఎదురుగా సుమారు 20 ఎకరాల తోటలో ఉన్న హోటలది. గదుల సంగతీ భోజనాల సంగతీ రాసేవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోను. గేటు దాటి పది అడుగులు వేయగానే వాహనాల రొద తగ్గిపోవడం, బెంగుళూరు నడిబొడ్డున పక్షుల అరుపులకు మెలకువ రావడం నన్ను ఆలోచనలో పడవేశాయి. వానలేని సీమ నుండి వెళ్లినవాడికి పచ్చదనం చూడగానే కలిగే ప్రశ్న ఒకటుంది: దీనికి నీళ్లెక్కడివి? ఆ ప్రశ్న వెంట పోతే కరవులూ నదులూ చెరువులూ దాటి తిరిగి మా పెనుకొండకే చేరాను. ఆ దారినే ఇక్కడ చెప్పదలచాను.

ముందు హోటలు కథ. 1887లో బ్రాన్సన్ అనే ఆంగ్ల మహిళ పది గదులతో ఒక బస గృహాన్ని తెరిచింది. బెంగుళూరు కంటోన్మెంటు అప్పటికి సుమారు ఎనభై ఏళ్ల వయసున్నది. దండుకు వచ్చే దొరలకూ, వారి కుటుంబాలకూ, పందేలకు వచ్చేవారికీ చల్లని నీడా తెల్లవారి వంటా దొరికే చోటు అవసరమైంది. 1912లో దీన్ని స్పెన్సర్ కంపెనీ కొన్నది. 1984లో నిర్వహణ తాజ్ వారి చేతికి వచ్చింది. యజమానులు మారినా తోటను ముక్కలు చేసి అమ్మలేదు. అక్కడి నిద్రగన్నేరు మాను నూరేళ్లు దాటినది. సాయంకాలానికి ఆకులు ముడుచుకునే ఈ చెట్టు దక్షిణ అమెరికా ప్రాంతాల నుండి తెచ్చి నాటినది. దొరల తోటల్లోనూ దారుల వెంటా దేశమంతా పాకింది.

ఆదివారం ఉదయం అక్కడ గడ్డికి నీరు పెడుతున్న ఒక పెద్దాయనను పలకరించాను. ఆయనది బాగేపల్లి వైపు పల్లె. ఈ మానులన్నిటికీ రోజూ నీళ్లు పోస్తారా అని అడిగితే నవ్వాడు.

“మాన్లకు మేం పోసేదేముండాది సార్! అవి ఎప్పుడో ఏర్లు దించుకున్నాయి. ఈ గడ్డికే దప్పి. ఒక పూట మర్చిపోతే మొగం మాడ్చుకుంటాది.”

చెట్టుకు పాతికేళ్లు కాపలా కాస్తే చాలు. పచ్చికకు మాత్రం ప్రతి పూటా నీరు కావాలి. వెస్ట్ ఎండ్ తెరిచిన 1887 సంవత్సరాన్ని ఈ మాటతో కలిపి చూస్తే చరిత్ర మరోలా కనిపిస్తుంది. దానికి సరిగ్గా పదేళ్ల ముందు ఈ దేశమంతా శవాల దిబ్బగా ఉండినది.

1876-78 కరవును తెలుగువారు ధాత కరవు అన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. పెనుకొండ, హిందూపురం తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. మదరాసు రాజధానిలో ఆ కరవు అత్యంత క్రూరంగా కాటేసిన ప్రాంతాల్లో బళ్లారి ఒకటి. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులకు వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా కూలీ అని నిర్ణయించాడు. ఒక పౌను అంటే అరకిలో కంటే తక్కువ. రోజంతా రాళ్లు కొట్టిన మనిషికి అది ఏ మూలకు? పొరుగున మైసూరు సంస్థానంలో ఆ కరవుకు సుమారు పదిలక్షల మంది చనిపోయారని అంచనా. అంటే అయిదుగురిలో ఒకరు. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. పల్లెలు ఇంకా కోలుకోకముందే, నూటికి పైగా కిలోమీటర్ల దూరంలో, పది గదుల బసకు తోట వేశారు.

ఈ మాటను ఆ మహిళ మీద నిందగా చెప్పడం లేదు. బెంగుళూరుకు నాడు నది లేదు, నేడూ లేదు. ఊరు బతికింది చెరువుల మీద. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి, హలసూరు వంటి చెరువుల్లో నీరుంటే ఊరికి తాగునీరు, లేకపోతే దాహం. ధాత కరవులో చెరువులు ఎండిన అనుభవం పాలకులను కదిలించింది. దివాను కె. శేషాద్రి అయ్యరు కాలంలో అర్కావతి నది మీద హెసరఘట్ట చెరువును పెద్దదిగా కట్టి, 1896 నాటికి అక్కడి నీటిని గొట్టాల ద్వారా నగరానికి చేర్చారు. అటుపిమ్మట 1933లో అదే నది మీద తిప్పగొండనహళ్లి జలాశయం, 1974 నుండి కావేరి. కావేరి నీరు దాదాపు వంద కిలోమీటర్లు ప్రయాణించి, అయిదు వందల మీటర్ల ఎత్తుకు ఎక్కి నగరానికి వస్తుంది.

అర్కావతి పుట్టేది నందికొండల్లో. సోమందేపల్లి నుండి బెంగుళూరు పోయే బస్సులో చిక్కబళ్లాపురం దాటాక పడమటి కిటికీ నుండి కనిపించే కొండలవే. మా పెన్న కూడా ఆ కొండల వరుసలోనే, చెన్నకేశవగిరి మీద పుడుతుంది. మా చిత్రావతి పుట్టుక కూడా అక్కడే. ఒకే కొండగుంపున రాలిన వానలో ఒక పాయ దక్షిణానికి దొర్లి నగరానికి తోటలనిచ్చింది. మరో పాయ ఉత్తరానికి మళ్లి గౌరీబిదనూరు మీదుగా హిందూపురం, పెనుకొండ సీమలకు వచ్చింది. 1892లో మదరాసు, మైసూరు ప్రభుత్వాలు ఉమ్మడి నదుల నీటి మీద ఒప్పందం చేసుకున్నప్పుడు ఆ పట్టికలో కావేరి, తుంగభద్రలతో పాటు పెన్న, చిత్రావతుల పేర్లూ చేర్చారు. పేరు చేరినంత మాత్రాన ఏరు పారదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లాలో పెన్న ఎక్కువ కాలం ఇసుక దారే.

అయినా ఈ పెన్నను నమ్ముకొని గొప్ప పనికి పూనుకున్నవారు మాకు ఉన్నారు. గౌరీబిదనూరు ప్రాంతంలో దొరికిన 1388 నాటి శాసనం ఒకటి ఆ కథ చెబుతుంది. విజయనగర రాజకుమారుడు రెండవ బుక్కరాయలు పెనుకొండలో ఉన్నప్పుడు, నీరే ప్రాణులకు ప్రాణం కనుక ప్రజలు సుఖపడేటట్లు పెన్న నీటిని పెనుకొండకు తీసుకురావాలని ఆజ్ఞాపించాడు. శాసనంలో నది పేరు హెన్నె. ఆ పనిని అప్పగించింది సింగయభట్టు అనే జలసూత్రజ్ఞుడికి. ఆయన కాలువ తవ్వించి సిరువర చెరువుకు నీరు మళ్లించాడు. రాజకుమారుడి పేరుతో పాటు నీటి పని తెలిసిన మనిషి పేరు కూడా రాతి మీద నిలవడం నాకు ఆ శాసనంలో అన్నిటికంటె నచ్చిన సంగతి. పెనుకొండ గగన్ మహలును రాయల వేసవి విడిది అని చెబుతారు. 1565 యుద్ధం తర్వాత తిరుమలరాయలు ఏకంగా రాజధానినే ఇక్కడికి మార్చాడు. ఎండ ఠారెత్తించే ఈ కొండ కింద రాజులు విడిది చేయగలిగారంటే దాని వెనుక చెరువులు ఉండి ఉండాలి.

చెరువునూ తోటనూ మన పెద్దలు సప్తసంతానాల్లో లెక్కించారు. కొడుకును కన్నట్లే చెరువు తవ్వించడం, వనం నాటించడం వంశాన్ని నిలిపే పని అని వారి నమ్మకం. దారి పక్క చింతతోపు, సత్రం, చలివేంద్రం ఆ నమ్మకం వల్ల వచ్చినవే. దాని నీడకు అద్దె లేదు. వెస్ట్ ఎండ్ నీడకు అద్దె ఉంది. ఆ తోటలో తొలి దశాబ్దాలలో మావంటి రైతుబిడ్డలు అడుగు పెట్టగలిగింది తోటమాలులుగానే అనుకోవాలి. నేటికీ ఒక రాత్రి బసకు అయ్యే ఖర్చు మా ఊరి కూలీకి అనేక వారాల సంపాదన. కనుక న్యాయం దృష్టితో చూస్తే తోపే గొప్పది, హోటలు తోట చిన్నది.

కానీ ఏది మిగిలింది? మా ఊళ్ల నుండి బెంగుళూరు వెళ్లినవారు దిగేది మెజెస్టిక్ బస్టాండులో. ఆ బస్టాండు ఉన్నది ఎండిన ధర్మాంబుధి చెరువు కడుపులో. సంపంగి చెరువు స్థలంలో కంఠీరవ స్టేడియం లేచింది. అందరి కోసం తవ్వించిన చెరువులు పోయాయి. డబ్బిచ్చినవారి కోసం వేసిన తోట నిలిచింది. మా వైపు హైదరాబాదు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన చింతమాన్ల లెక్క కూడా ఈ ఖాతాలోనే రాయాలి.

దీన్ని ధర్మం ఓడింది, వ్యాపారం గెలిచింది అని సరిపెట్టుకోవడం సులువు. నేను ఆ మాటతో తృప్తి పడలేను. మా సీమలో చెరువు ఉత్త పుణ్యం మీద నడవలేదు. దాని మరమ్మతుకు దశబంధం మాన్యాలు ఉండేవి. తూము తెరిచి ఎవరి మడికి ఎంత నీరో పంచే నీరుగంటి ఉండేవాడు. అతని కష్టానికి రైతులు కళ్లంలో గింజలు కొలిచేవారు. పుణ్యానికి కట్టినా, కాపాడడానికి ఒక మనిషినీ ఆ మనిషికి ఒక జీవనాన్నీ ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు ఉన్నంతకాలం చెరువు బతికింది. గొట్టపు నీరు వచ్చాక నగరానికి చెరువుతో పని తీరింది. బోర్లు వచ్చాక పల్లెకూ తీరింది. కాలువలు పూడినా అడిగేవాడు లేకపోయాడు. వెస్ట్ ఎండ్ తోటకు మాత్రం 1887 నుండి నేటి దాకా జీతం తీసుకొని చూసుకునే మనిషి లేని రోజు లేదు. నాతో మాట్లాడిన బాగేపల్లి పెద్దాయన ఆ వరుసలోని వాడే.

పైగా, తోటను ప్రహరీ లోపల కాపాడుకోవచ్చు, నీటిని కాపాడుకోలేం. అర్కావతి ఎండిపోయింది. హెసరఘట్ట నగరానికి నీరివ్వడం మానుకొని ఏళ్లు గడిచాయి. 2024 మార్చిలో బెంగుళూరులో వేలాది బోర్లు ఎండి, పెద్ద పెద్ద భవనాలవారు ట్యాంకర్ల కోసం వరుస కట్టిన సంగతి దేశమంతా చూసింది.

ఈ చర్చ ఇప్పుడు మాకు అవసరం. 2016లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు శ్రీశైలం నుండి అనేక ఎత్తిపోతలు ఎక్కి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరింది. 2019లో ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం మొదలైంది. కొరియావారి కోసం హోటళ్లు వచ్చాయి. వాటి ముందు పచ్చిక కూడా వచ్చింది. ఎక్కడో పుట్టిన నది మీద ఆధారపడిన పచ్చదనం బెంగుళూరు సొత్తు అనుకునేవాళ్లం. ఇప్పుడు అది మాదీ.

సింగయభట్టు కాలువ తవ్విన ఆరు వందల ఏళ్లకు పెనుకొండకు మళ్లీ దూరపు నీరు వచ్చింది. ఈసారి ఆ నీటితో మా సోమందేపల్లి చెరువులను నింపి, దారి పక్క మళ్లీ చింతలూ కానుగలూ నాటుకుంటామా, లేక గేటు లోపలి గడ్డికే పోస్తామా అన్నది ఇంకా తేలలేదు. చెరువుకు నీరు తెస్తామని చెప్పే నాయకులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. తెచ్చిన నీటికి నీరుగంటిగా ఎవరిని పెడతారు, అతనికి జీతం ఎవరిస్తారు అని వారిని అడగవలసినవాళ్లం మనమే.